డబ్బా లోపలి పూత, క్యానులోని నీరు

ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచుటకు ముందు ఆ గిన్నెకు కళాయి ఉన్నదా లేదా అని చూచుట మన పెద్దలకు పరిపాటి. కళాయి పోయిన గిన్నెలో పులుసు నిలువయుంచిన కిలుము పట్టుననియు, అది కడుపులోనికి పోయిన వాంతులగుననియు ప్రతి ఇల్లాలికిని తెలియును. అందుచేతనే కళాయి వేయువాడు అప్పుడప్పుడు ఊరికి వచ్చి, తిత్తి అమర్చి, నవాసారము చల్లి, కాగిన పాత్రలో తగరమును గుడ్డతో రుద్ది, వెండివలె మెరయునట్లు చేసి పోవుచుండెను. స్టీలు పాత్రలు వచ్చిన పిదప ఆ వృత్తి క్షీణించినది. కాని దాని వెనుకనున్న ఆలోచనకు నేటికిని విలువ కలదు. లోహమునకును ఆహారమునకును నడుమ ఒక పూత ఉండవలెను. ఆ పూత మంచిదై ఉండవలెను. కళాయి వేయువాడు తగరములో చౌకగా దొరకు సీసము కలిపినచో, రక్షణకై వేసిన పూతయే విషమగుచుండెను. నేడు దుకాణములలో అమ్ము ఆహారపు డబ్బాలను గూర్చియు, మన ఇండ్లకు ఆటోలలో వచ్చు నీటి క్యానులను గూర్చియు గ్రామ పంచాయతీ సభ్యులు అడుగవలసిన ప్రశ్న సరిగా ఇదియే.

ఆహారమును గాలి చొరకుండ మూసి, కాచి, నెలల తరబడి నిలువయుంచు విధానమును 1810లో ఫ్రాన్సు దేశస్థుడైన నికొలాస్ అపేర్ గ్రంథరూపమున ప్రకటించెను. అందులకై ఆ దేశ ప్రభుత్వము ఆయనకు 12,000 ఫ్రాంకుల బహుమానమిచ్చినది. ఆయన వాడినవి గాజు సీసాలు. ఆ ఏటనే ఇంగ్లండులో పీటర్ డ్యూరాండ్ అను వర్తకుడు తగరము పూసిన ఇనుప డబ్బాకు హక్కుపత్రము పొందెను. అనగా ఈ డబ్బా పుట్టుకతోనే కళాయి పెట్టిన పాత్ర. అయితే టమాటా, చేప వంటి పదార్థములందలి పులుపు, ఉప్పు తగులగా తగగా తగరము సైతము కొంత కరగును. రంగు, రుచి మారును. దానిని ఆపుటకు తగరముపై మరియొక పూత వేయసాగిరి. మొదట చెట్ల బంకలతోను నూనెలతోను చేసిన వార్నీషులు వాడిరి. 1950 తరువాత ఎపాక్సీ అను కృత్రిమపు బంక ప్రచారములోనికి వచ్చినది. అది పలుచగా పూసినను చిట్లదు, రేకును వంచినను ఊడదు, వేడికి తాళును. ఆహారము క్రుళ్లకుండ, డబ్బా తుప్పు పట్టకుండ అది చేసిన మేలు తక్కువది కాదు. తుప్పుతినిన డబ్బాలో పెరుగు సూక్ష్మజీవులు మనుష్యుని దినములలో చంపగలవు. ఈ మేలును మరచి పూతను దూషించుట న్యాయము కాదు.

ఎపాక్సీ బంకను తయారుచేయుటకు ముఖ్యమైన ముడిపదార్థము బిస్ఫినాల్-ఎ అను రసాయనము. దీనిని 1891లో రష్యా దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు దియానిన్ తయారుచేసెను. 1936లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు డాడ్స్, లాసన్ అనువారు దానిని జంతువులపై పరీక్షించి, స్త్రీల శరీరములో సహజముగా పుట్టు ఈస్ట్రోజన్ అను హార్మోనువలె అది కొంత పనిచేయునని కనుగొనిరి. ఈ సంగతి తెలిసిన పిదపనే, రెండు దశాబ్దములు తిరుగకముందే, ఆ పదార్థము డబ్బాల లోపలి పూతగా లోకమంతట వ్యాపించినది. పూతలో అది గొలుసులోని లంకెవలె బిగిసియుండును గనుక బయటికి రాదని తయారుచేయువారు తలచిరి. కాని ప్రతి లంకెయు గొలుసులో చేరదు. చేరక మిగిలినవి కొన్ని. వేడికి, క్షారమునకు తెగి విడివడునవి మరికొన్ని. ఇవియే ఆహారములో కలియును.

హార్మోను అనగా శరీరములోని గ్రంథులు రక్తముద్వారా పంపు వార్త. తాళమునకు తాళపుచెవి వలె ప్రతి హార్మోనునకును దాని స్థానము కలదు. బిస్ఫినాల్-ఎ దొంగ తాళపుచెవి వంటిది. అసలు చెవి వలె బాగుగా తిరుగదు గాని, తాళములో దూరును. పెద్దవారి శరీరములో కాలేయము దీనిని త్వరగా మార్చివేయగా ఒక దినములోపల మూత్రముద్వారా చాలవరకు వెడలిపోవును. గర్భములోని శిశువునకును పసిబిడ్డలకును ఆ శక్తి పూర్తిగా ఏర్పడియుండదు. పైగా అవయవములు రూపుదిద్దుకొను కాలములో తప్పు వార్త అందుట పెద్దవయస్సున అందుటకంటె కీడు. ఐరోపా రసాయన సంస్థ 2017లో దీనిని సంతానోత్పత్తికి హాని కలిగించు పదార్థముగా, మిక్కిలి ఆందోళన కలిగించువాని జాబితాలో చేర్చినది.

ఎంత కలియును? ఎంత కలిసిన ప్రమాదము? ఈ రెండు ప్రశ్నలను వేరువేరుగా చూడవలెను. మొదటి దానికి జవాబు స్పష్టము. 2011లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమువారు 75 మందికి ఐదు దినములు డబ్బా సూపును, మరి ఐదు దినములు తాజాగా కాచిన సూపును ఇచ్చి చూచిరి. డబ్బా సూపు తాగిన దినములలో వారి మూత్రమునందు బిస్ఫినాల్-ఎ పది రెట్లకు పైగా హెచ్చినది. అదే సంవత్సరము వెలువడిన మరియొక పరిశీలనలో ఐదు కుటుంబములవారు మూడు దినములు డబ్బాలు, ప్లాస్టిక్కు లేని తాజా ఆహారము భుజింపగా, అది సగమునకంటె ఎక్కువగా తగ్గినది. రెండవ ప్రశ్నపై శాస్త్రజ్ఞులు నేటికిని ఏకీభవింపలేదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో శరీరపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు 4 మైక్రోగ్రాములవరకు హానిలేదని చెప్పినది; 2023లో ఆ హద్దును 0.2 నానోగ్రాములకు తగ్గించినది. గ్రామును వంద కోట్ల భాగములు చేసిన అందొక భాగము నానోగ్రాము. అనగా హద్దు ఒక్కసారిగా 20,000 రెట్లు తగ్గినది. జర్మనీ దేశపు సంస్థ ఈ హద్దు మితిమీరినదని అభ్యంతరము చెప్పినది. అమెరికా ఆహార, ఔషధ శాఖ పాలసీసాల విషయమున 2012లో తన అనుమతిని తొలగించినను, డబ్బాల విషయమున ప్రస్తుతపు మోతాదులు ప్రమాదకరములు కావనియే చెప్పుచు వచ్చినది. ఫ్రాన్సు 2015 జనవరి నుండి ఆహారపు డబ్బాలలో దీనిని నిషేధించినది. ఐరోపా సమాఖ్య అంతటికిని నిషేధపు శాసనము 2024 డిసెంబరులో చేయబడి, 2025 జనవరి నుండి అమలునకు వచ్చినది. పాత పద్ధతులు మార్చుకొనుటకు సాధారణముగా 18 నెలలు, కొన్ని పండ్ల, కూరగాయల, చేపల డబ్బాలకు 36 నెలలు గడువీయబడినది.

పండితులు వాదించుకొనుచుండగా గ్రామస్థుడేమి చేయవలెను? వాదము మోతాదును గూర్చియే గాని, ఈ పదార్థము మేలు చేయునని ఎవరును చెప్పలేదు. ఖర్చు లేకుండ తగ్గించుకొన వీలున్నచోట తగ్గించుకొనుట వివేకము. దానిని తగ్గించుకొనబోయి మరియొక పెద్ద కీడును తెచ్చుకొనుట అవివేకము. ఈ రెండవ మాట మర్రిపాడు, ఉదయగిరి ప్రాంతములవారికి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. కారణము ముందు తెలియగలదు.

మన మెట్ట గ్రామములలో డబ్బా ఆహారము తినువారు తక్కువ. పండుగకు రసగుల్లాల డబ్బా, పాయసమునకు చిక్కటి పాల డబ్బా, గల్ఫు దేశములనుండి సెలవుపై వచ్చినవారు తెచ్చు చేపల డబ్బాలు, ఇంతియే. ఇట్టి డబ్బాలలోనికి రసాయనము చేరుట చాలవరకు కర్మాగారములోనే జరుగును. డబ్బా మూసిన తరువాత సూక్ష్మజీవులను చంపుటకు సుమారు 121 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో దానిని కాచుదురు. పూతనుండి ఆహారములోనికి దిగునది ముఖ్యముగా అప్పుడే దిగును. ఆపైన మనము దానిని చల్లనిచోట పెట్టినను పెద్దగా తేడా లేదు. మన చేతిలో ఉన్నది రెండు పనులు. డబ్బాను అట్లే పొయ్యిమీద పెట్టి వేడిచేయకుండుట. తెరచిన పిదప మిగిలినదానిని స్టీలు గిన్నెలోనికో గాజు పాత్రలోనికో మార్చుట. గర్భిణులు, పసిపిల్లలు అట్టి ఆహారమును అరుదుగా తినుట మంచిది. సొట్టపడిన, ఉబ్బిన డబ్బాను కొననేరాదు. పొడి పాలలో ద్రవము లేదు గనుక ఈ బాధ స్వల్పము.

కాని అదే బిస్ఫినాల్-ఎ మరియొక రూపమున మన గడప దాటి వచ్చుచున్నది. 1953లో దానితో పాలికార్బొనేటు అను ప్లాస్టిక్కును కనుగొనిరి. గాజువలె పారదర్శకము, రాతివలె గట్టి, క్రింద పడినను పగులదు. మరల మరల నింపుకొను నీలిరంగు 20 లీటర్ల నీటి క్యానులు అనేకము దీనితో చేయబడినవే. డబ్బాలోని కీడు ఎక్కడనో కర్మాగారములో జరిగిపోయినది. క్యానులోనిది మన వీధిలో, మన కన్నులయెదుట, మన అజాగ్రత్తవలన హెచ్చును. పంచాయతీకి పని ఉన్నది ఇక్కడనే.

క్యాను ఎందుకు వచ్చినదో మొదట జ్ఞప్తికి తెచ్చుకొందము. మన దేశములో నీటిలోని ఫ్లోరైడువలన పండ్లు గారపట్టుట, ఎముకలు బిగిసి నడుము వంగుట అను వ్యాధిని మొదటిసారి శాస్త్రీయముగా వర్ణించినది నెల్లూరు జిల్లాలోనే. 1937లో షార్ట్ మున్నగు వైద్యులు, నాటి మద్రాసు రాజధానిలోని ఈ జిల్లా గ్రామములలో తాము చూచిన రోగులను గూర్చి వైద్య పత్రికలో వ్రాసిరి. పశుగ్రాసము మోయవలసిన వయస్సులో వెన్ను కదలని మనుష్యులు అంతకు పూర్వమును ఉండిరి. అది ముసలితనమనియో కర్మమనియో అనుకొనిరి. మెట్ట మండలములలో బోరు లోతు పెరిగినకొలది ఈ బాధ అనేక గ్రామములకు ప్రాకినది. నీటిని కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. ఇగిరినకొలది మరింత చిక్కనగును. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము ఉండవచ్చుననియు, వేరు నీరు దొరకనిచో 1.5 మిల్లీగ్రాములకు మించరాదనియు భారత ప్రమాణముల సంస్థ నిర్ణయము. శుద్ధిచేసిన నీటి కేంద్రములు ఈ అవసరమువలననే వెలసినవి. 2014 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము రెండు రూపాయలకు 20 లీటర్లు అందించు ఎన్‌టీఆర్ సుజల పథకమును ప్రారంభించినది. ప్రైవేటు కేంద్రములు చిన్న చిన్న ఊళ్లకు సైతము వ్యాపించినవి.

కావున ప్లాస్టిక్కునకు భయపడి క్యాను నీటిని విడిచి, ఫ్లోరైడు బోరునకు మరలుట ఎంతమాత్రము కూడదు. ఫ్లోరైడు చేయు కీడు మన ఊళ్లలో నడుము వంగిన మనుష్యుల రూపమున కనిపించుచున్నది. క్యానువలని కీడు కొలతలలో ఇంకను తేలుచున్నది. పెద్ద క్యానులో నీటి రాశి ఎక్కువ, దానిని తాకు గోడ తక్కువ గనుక చిన్న సీసాలోకంటె కలియు పాలును తక్కువ. నీరు ఉండనిండు, దానిని మోయు పాత్రను, పాత్రను మనము చూచు తీరును సవరించుకొందము.

తీరు అనగా ముఖ్యముగా వేడి. 2008లో సిన్సినాటి విశ్వవిద్యాలయమువారు క్రొత్త పాలికార్బొనేటు సీసాలను, ఏండ్ల తరబడి వాడిన సీసాలను ప్రక్కప్రక్కన పెట్టి పరీక్షించిరి. మామూలు చల్లదనములో రెంటికిని భేదము కనబడలేదు. సలసల కాగిన నీరు పోసినప్పుడు మాత్రము రసాయనము 15 మొదలు 55 రెట్ల వేగముతో వెలువడినది. పాతదనముకంటె వేడియే పెద్ద శత్రువని దీనివలన తేలినది. చల్లని పానీయములైనను దోషము బొత్తిగా లేకపోలేదు. 2009లో హార్వర్డువారు 77 మంది విద్యార్థులచేత వారము దినములు చల్లని పానీయములనే అట్టి సీసాలలో తాగింపగా, వారి మూత్రమునందు బిస్ఫినాల్-ఎ మూడింట రెండు వంతులు హెచ్చినది. మన రోహిణీకార్తె ఎండలో, రేకుల పాక క్రింద పేర్చిన క్యానులు, ఆటోపై గుడ్డయైనను కప్పక ఊరూర త్రిప్పు క్యానులు, డి.సి. పల్లి పరిసరములలో పొగాకు బ్యారనుల ప్రక్కన కూలీలకై దింపియుంచు క్యానులు ఎట్లుండునో చెప్పనక్కరలేదు. మర్రి పేరు పెట్టుకొన్న మండలములో నీటి క్యానులకు నీడ దొరకకపోవుట వింత.

రెండవది కడుగు విధము. దీనికి ఒక కథ కలదు. 1998లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున పెట్రీషియా హంట్ అను శాస్త్రజ్ఞురాలు చుంచెలుకలను పాలికార్బొనేటు పెట్టెలలో పెంచి, వాని అండములను పరిశీలించుచుండెను. ఉన్నట్టుండి లోపములుగల అండముల సంఖ్య మిక్కిలి హెచ్చినది. కారణము వెదకగా, పెట్టెలను, నీటి సీసాలను నేల తుడుచు తీవ్రమైన క్షారపు ద్రావణముతో ఎవరో పొరపాటున కడిగిరని తెలిసినది. ఆ క్షారము ప్లాస్టిక్కును తినివేయగా బిస్ఫినాల్-ఎ ఎలుకల నీటిలోనికి దిగినది. ఆమె ఈ సంగతిని 2003లో ప్రకటించినది. ఆనాటినుండియే ఈ రసాయనముపై లోకమునకు గట్టి అనుమానము కలిగినదనవచ్చును. క్యానులను కాస్టిక్ సోడాతో, మరుగు నీటితో తళతళలాడునట్లు కడుగుచున్నామని చెప్పు నీటి కేంద్రపు యజమాని తాను శుభ్రమే చేయుచున్నాననుకొనును. అతనిని నిందింపక నెమ్మదిగా తెలియజెప్పవలెను. మెత్తని సబ్బునీరు, మెత్తని కుంచె, ధారాళముగా చల్లని నీరు, ఇవి చాలును. తీగపీచు వాడరాదు. గీతలుపడి తెల్లబారిన క్యానులో పాచి పట్టును గనుక, ఆ కారణము చేతనైనను దానిని తొలగింపవలెను.

ఏ క్యాను ఏ ప్లాస్టిక్కుదో తెలుసుకొనుట కష్టము కాదు. అడుగున త్రికోణపు గుర్తులో ఒక అంకె ఉండును. ఏడు అంకెయు, ఆంగ్లములో పి.సి. అను అక్షరములును ఉన్నచో పాలికార్బొనేటు. ఒకటి, రెండు, ఐదు అంకెలు వేరు ప్లాస్టిక్కులకు చెందినవి. వాని తయారీలో బిస్ఫినాల్-ఎ అవసరము లేదు. ఏడు అంకె కలవి అన్నియు పాలికార్బొనేటు కావు గనుక అక్షరములను సైతము చూడవలెను. 'బి.పి.ఎ. లేదు' అని ముద్రించిన వస్తువులు నేడు ఎక్కువగా వచ్చుచున్నవి. వానిలో కొన్నింట బిస్ఫినాల్-ఎస్ వంటి దాయాదులను వాడుచున్నారు; అవియు హార్మోనులవలె పనిచేయునని పరిశోధనలు చెప్పుచున్నవి. కనుక ఆ ముద్రను పూర్తిగా నమ్మి ఎక్కువ ధర పెట్టనక్కరలేదు. స్టీలు బిందె, మట్టికుండ ఉండనే ఉన్నవి. క్యాను ఇంటికి రాగానే నీటిని వానిలోనికి వంచుకొని, ఖాళీ క్యానును నీడలో పెట్టుట అన్నిటికంటె సులభమైన ఉపాయము. కాచిన నీటిని వేడిగా క్యానులో పోయుట మాత్రము ఎన్నడును చేయరాదు.

అంగన్‌వాడీ కేంద్రములను, పాఠశాలలను పంచాయతీ సభ్యులు ముందుగా చూడవలెను. అక్కడి క్యాను కిటికీయెండలో ఉన్నదా, నీడలో ఉన్నదా? పిల్లలు తాగునది స్టీలు గ్లాసులతోనా? పసిబిడ్డల పాలసీసాలలో బిస్ఫినాల్-ఎ ఉండరాదని భారత ప్రమాణముల సంస్థ 2015లో నిర్దేశించినది. 1992 నాటి శిశు ఆహార చట్టము ప్రకారము ఆ సంస్థ ముద్ర లేని పాలసీసా అమ్మరాదు. సంతలో చౌకగా వచ్చు ముద్రలేని సీసాలను తల్లులు కొనకుండ ఆశా కార్యకర్తలు చెప్పవలెను. చంటిబిడ్డకు తల్లిపాలుండగా సీసాయే అనవసరమను మాటయు వారు చెప్పుదురు గాక.

పంచాయతీ సమావేశములలో తేనీరిచ్చు కాగితపు కప్పునకును లోపల పలుచని ప్లాస్టిక్కు పూత కలదు. అందులో బిస్ఫినాల్ లేకున్నను, 100 మిల్లీలీటర్ల వేడి ద్రవమును 15 నిమిషములుంచిన సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్కు రేణువులు దిగునని ఖరగ్‌పూర్ ఐఐటీవారు 2020లో ప్రకటించిరి. సభ్యుల సంఖ్యకు సరిపడ స్టీలు గ్లాసులు కొనుట ఏ పంచాయతీకిని భారము కాదు.

నీటి కేంద్రము విషయమున గ్రామసభ ఒక తీర్మానము చేయవచ్చును: క్యానులు నీడన పేర్చవలెననియు, బండిపై గోనెపట్టా కప్పవలెననియు, గీతలుపడినవి వాడరాదనియు. పాత్రతోపాటు నీటిని కూడ పరీక్షింపవలెను, ఏలయన శుద్ధియంత్రపు పొర చెడినచో ఫ్లోరైడు మరల తిన్నగా వచ్చును. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ క్రింద గ్రామములకు నీటి పరీక్షా పెట్టెలిచ్చి, గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు శిక్షణనిచ్చు ఏర్పాటు జరిగినది. ఆ పెట్టెతో ఫ్లోరైడును చూడవచ్చును. బిస్ఫినాల్‌ను ఆ పెట్టె చూపదు, దానికి పెద్ద ప్రయోగశాల కావలెను. సీలు వేసి అమ్ము నీటిపైనను, డబ్బా ఆహారముపైనను ఆహార భద్రతా సంస్థవారి 14 అంకెల అనుమతి సంఖ్య ఉండవలెను. అనుమానము కలిగినచో 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము 40వ విభాగము ప్రకారము కొన్నవాడే రుసుము చెల్లించి ఆహార విశ్లేషకునిచేత పరీక్ష చేయించుకొనవచ్చును; అట్లు పంపుచున్నట్లు అమ్మినవానికి కొనునప్పుడే తెలుపవలెను. దోషము రుజువైనచో రుసుము తిరిగి వచ్చును. ఈ హక్కు ఉన్నదని తెలిసినవారు తక్కువ, వాడుకొన్నవారు మరియు తక్కువ.

ఇక పాత క్యానుల సంగతి. పైభాగము కోసివేసి, అందులో ఉప్పు, ఊరగాయ, నూనె నిలువయుంచుట కొన్ని ఇండ్లలో కలదు. ఊరగాయకు జాడీయే తగును. కోసిన క్యానును పశువుల కుడితికిగాని, వేడి గంజి వార్చుటకుగాని వాడరాదు, పూలమొక్కకు వాడవచ్చును. పొలము గట్టున తగులబెట్టిన పొగ ఊరిమీదికే వచ్చును. నీటి కేంద్రమువారే పాతవానిని తిరిగి తీసికొని పాత సామాను వర్తకునకు అప్పగించునట్లును, మిగిలినవి పంచాయతీ చెత్త నుండి సంపద కేంద్రమునకు చేరునట్లును ఆ తీర్మానములోనే ఒక వాక్యము చేర్చవచ్చును.